గర్భగుడిలో బండి తాళాలు

ఇంజన్ల మీద నేను చదివిన పుస్తకాల్లో ఏ బోల్టు ఎంత బిగించాలో రాసి ఉంటుంది. బిగించేటప్పుడు చెయ్యి వణికితే ఏం చేయాలో ఎక్కడా లేదు. ఇప్పుడు షెడ్లలో కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు, "పెద్దాయనా, మీకు భయమే ఉండేది కాదంట కదా" అంటుంటారు. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు. నేను రోజూ భయపడుతూనే పని చేశాను. అన్ని రోజులకంటే ఎక్కువగా భయపడిన రోజు ఒకటుంది. పానా పట్టుకున్నవాళ్లు చదువుతారని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కర్నూలులో, బళ్లారి రోడ్డు మీద ఒక షెడ్డులో పని చేసేవాణ్ని. షెడ్డు మా ఉస్తాద్‌ది. ఇంజన్‌కు చెవి ఆనించి, ఏ సిలిండర్ సరిగ్గా కొట్టుకోవడం లేదో చెప్పగల మనిషి. నాది కోడుమూరు దగ్గర పల్లె. ఎనిమిదితో బడి మానేసినా చదువు మాత్రం మానలేదు. మా షెడ్డుకు శుక్రవారం సెలవు. నా ఖర్మకు గ్రంథాలయానికి కూడా శుక్రవారమే సెలవు. అందుకని ఆదివారం చర్చి అయ్యాక ఉస్తాద్‌ను బతిమాలి, మధ్యాహ్నం వరకు గ్రంథాలయంలో కూర్చునేవాణ్ని. ఇంగ్లీషు నిఘంటువు ఒక పక్కన, మోటారు పుస్తకం ఒక పక్కన. ఒక పేజీ అర్థం కావడానికి ఒక్కోసారి పూట పట్టేది. అయినా ఆ పేజీ ఇక నాదే. ఆ గర్వం నాకు ఉండేది, ఇప్పటికీ ఉంది.

ఒక ఏడాది వేసవికి ముందు కోయిలకుంట్ల నుంచి ఒక వ్యాపారి లారీ మీద ఒక కారు వేసుకొని వచ్చాడు. ఇద్దరే కూర్చునే కారు. పైకప్పు గుడ్డది, అదీ చినిగిపోయింది. ఆకుపచ్చ రంగు. ఎంత కిందికి ఉంటుందంటే అందులో కూర్చుంటే గొర్రెల మంద కూడా మనకంటే ఎత్తుగా కనిపిస్తుంది. ఇంగ్లండులో తయారై, అమెరికాలో అమ్మడానికి వెళ్లి, ఎవరి వెంటో ఈ దేశం వచ్చి, బెంగళూరులో ఒక తోట బంగళాలో ఏళ్ల తరబడి పడి ఉన్నదాన్ని ఆయన కొన్నాడు. వేరుశనగ, విత్తనాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, చిన్నప్పుడు ఏదో పత్రికలో బొమ్మ చూసి మనసు పడ్డాడట.

ఉస్తాద్ బానెట్ ఎత్తి, లోపల చూసి, మళ్లీ మూసేశాడు.

"సేటూ, ఇది కారా, నీళ్ల ట్యాంకీ పనా? ఇన్ని పైపులుండాయి."

నాకు మాత్రం ఆ పైపులు తెలుసు. ఎప్పుడూ కళ్లతో చూడలేదు, పుస్తకంలో చూశాను. ఆ దేశంలో పొగ మీద చట్టం వచ్చినప్పుడు తయారీదారులు పాత ఇంజన్‌కే అదనంగా కొన్ని సామాన్లు తగిలించారు. బెల్టుతో తిరిగే ఒక గాలి పంపు ఎగ్జాస్టులోకి గాలి తోసి, కాలకుండా మిగిలిన పెట్రోలును అక్కడే కాల్చేస్తుంది. పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా పట్టుకోవడానికి బొగ్గు నింపిన ఒక డబ్బా ఉంటుంది. వీటన్నిటికీ అటూ ఇటూ రబ్బరు పైపులు. ముప్పై ఏళ్లు గడిచేసరికి పంపు బిగుసుకుపోయింది, పైపులు పగిలి ఎక్కడపడితే అక్కడ గాలి పీలుస్తున్నాయి. ఆ సామాను ఈ దేశంలో దొరకదు. బండి నిలకడగా తిరగదు, వేడెక్కి ఆగిపోతుంది.

"ఉస్తాద్, ఇవన్నీ తీసెయ్యొచ్చు. ఇవి లేకుండా కూడా ఈ ఇంజన్ తిరుగుతాది. పుస్తకంలో ఉండాది" అన్నాను.

"నీ పుస్తకం రాసినోడు కర్నూలు ఎండలో పని చేసినాడా?"

"లేదు ఉస్తాద్."

"మరి?"

అంతలో వ్యాపారి, "తీసేయండప్పా, ఆ చెత్త లేకుంటే బండి పులి మాదిరి పోతాదంట" అన్నాడు. అలా మొదలైంది.

గాలి పంపు ఊడదీయడం తేలికే. దాని నుంచి సిలిండర్ హెడ్డులోకి దిగిన సన్న గొట్టాల దగ్గర మాత్రం నా ప్రాణం పోయింది. వేడికి అవి హెడ్డుతో ఏకమై పట్టుకున్నాయి. అలాంటి హెడ్డు మళ్లీ కావాలంటే ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కటి తిప్పేటప్పుడు ఉస్తాద్ పక్కన నిలబడి, నా మోచేతి కింద చెయ్యి పెట్టి, "ఆస్తే, ఆస్తే. జబర్దస్తీ నక్కో" అనేవాడు, మెల్లగా, బలవంతం చేయొద్దని. నాలుగూ బయటికి వచ్చాక ఇద్దరం నేల మీద కూలబడి నవ్వాం. ఆ రంధ్రాల్లో బిగించడానికి లేత్ పనివాడు ఇంగ్లండు కొలతలో బోల్టులు తిప్పి ఇచ్చాడు. తర్వాత బొగ్గు డబ్బా తీశాం. దానికి వచ్చే పైపులు ఊరికే వేలాడుతూ మిగిలాయి.

ఇక్కడ మా షెడ్డు అలవాటు ఒకటి చెప్పాలి. మా ఉస్తాద్ ఏ పైపు నోరూ తెరిచి వదిలేవాడు కాదు. మా సీమ దుమ్ము మీకు తెలుసు. పత్తి లారీలు, నాపరాళ్ల లారీలు, ఎండిన నేల. నోరు తెరిచి ఉన్న పైపులోకి ఒక్క రోజులో పిడికెడు మన్ను చేరుతుంది. అందుకని రబ్బరు బిరడాలు కోసి పెట్టుకొని, ఏ సామాను విప్పినా మొదట నోళ్లు మూసేవాళ్లం. దాని వల్లే మా చేతి మీద బాగైన ఇంజన్లు ఎక్కువ కాలం నడిచేవని ఊళ్లో పేరు. వేలాడుతున్న ఆ పైపులకు ఉస్తాద్ బిరడాలు కొట్టి, పైన క్లిప్పులు బిగించాడు. అందులో ఒకటి వెనక పెట్రోలు ట్యాంకు నుంచి వచ్చేది. అది మాకెవరికీ తప్పుగా తోచలేదు. శుభ్రమైన పనిలా తోచింది.

బండి నిజంగానే బాగా తిరిగింది. వ్యాపారి దాన్ని కోయిలకుంట్ల తీసుకుపోయి, సాయంత్రాలు ఊళ్లో తిప్పుకునేవాడు. కొంచెం పెట్రోలు పోయడం, కొంచెం తిరగడం. ఏ ఇబ్బందీ రాలేదు. ఎండాకాలం ముదిరాక కబురు పెట్టాడు. బండికి అహోబిలంలో పూజ చేయిస్తానని వాళ్లమ్మ మొక్కుకుందట. దూరం పోవడం ఇదే మొదలు కాబట్టి ఒక మెకానిక్ వెంట ఉండాలి. ఉస్తాద్ నన్ను పంపాడు.

వాళ్లమ్మ, బంధువులు జీపులో ముందు బయల్దేరారు. కారులో వ్యాపారి, నేను. ఆళ్లగడ్డలో ఆయన పెట్రోలు బంకులోకి తిప్పాడు.

"ఫుల్ కొట్టప్పా. పూజకు పోతాండాం, ట్యాంకు నిండు కుండ మాదిరి ఉండాల."

ట్యాంకు మూతకు తాళం ఉంది. పెట్రోలు దొంగలు తీస్తారని ఆయనే తాళం మూత వేయించుకున్నాడు. తాళం తిప్పగానే మూత కింద నుంచి పెద్దగా బుస్సుమంది. బంకు కుర్రవాడు ఎగిరి వెనక్కి దూకాడు.

"ఏంది సేటూ, లోపల కుక్కర్ పెట్టుకున్నారా? పప్పు ఉడికినట్టుండాదే!"

వాళ్లిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ట్యాంకు అలా బుసకొట్టకూడదు. మూత దగ్గరకు పోయి వేలితో తడిమి చూశాను. మామూలు బండ్ల మూతకు గాలి ఆడే సన్న బెజ్జం ఉంటుంది. దీనికి లేదు. మరి ఈ ట్యాంకు గాలి ఎక్కడి నుంచి పీల్చాలి? ఆలోచన అక్కడి దాకా వచ్చేసరికి సంగతి తట్టింది. బొగ్గు డబ్బా. ఆ డబ్బాకు వచ్చే పైపే దీనికి ముక్కు. మేం డబ్బా తీసి, ముక్కు మూశాం.

"సేటూ, ట్యాంకుకు ఊపిరాడేట్టు లేదు. మూత వదులుగా పెట్టి పోదాం, లేదంటే బానెట్ ఎత్తి ఆ పైపు బిరడా తీసేస్తా."

"వదులుగా పెడితే దుమ్ము పడదా? మీ ఉస్తాదే కదా చెప్పింది, ఏ నోరూ తెరిచి పెట్టొద్దని? అయినా ఈ మూత తాళం పడితేనే నిలబడుతాది." గడియారం చూసుకున్నాడు. "అమ్మ ఆడ కాచుకోనుంటాది. పూజ కానీ. తర్వాత నీ ఇష్టం."

కుర్రవాడు అంచు దాకా పోశాడు. వ్యాపారి తాళం వేశాడు.

ఆ దారి పొడుగునా నేను లెక్క వేస్తూనే ఉన్నాను. బంకులో పెట్రోలు భూమిలోపల చల్లగా ఉంటుంది. దాన్ని పైకి తెచ్చి, ఈ ఎండలో, రేకు ట్యాంకులో అంచు దాకా నింపి, మూత బిగించాం. వేడికి అది పెరుగుతుంది. పెరగడానికి లోపల చోటు లేదు. అప్పుడు అది ఎటు పోతుంది? ఉన్నది ఒకే దారి, ముందుకు, కార్బురేటర్ల వైపు. ఆ ఇంజన్‌లో కార్బురేటర్లు పైన ఉంటాయి. వాటికి సరిగ్గా కింద ఎగ్జాస్టు గొట్టం. నల్లమల కొండలు దగ్గరవుతున్నాయి. ఆయన ఈల వేస్తూ నడుపుతున్నాడు. నేను ముక్కుతో ప్రయాణం చేస్తున్నాను.

నడిచినంతసేపు ఏమీ కాలేదు. ఇంజన్ తాగుతూ ఉంది కదా. దిగువ అహోబిలంలో గుడి ముందు ఆపాక అసలు సంగతి మొదలైంది. బంధువులు బానెట్ ఎత్తి నిలబెట్టారు, ఇంజన్‌కు కూడా పసుపు కుంకుమ పెట్టాలని. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అర్చకులు వచ్చి పళ్లెంలో బండి తాళాలు పెట్టించుకొని, స్వామి పాదాల దగ్గర ఉంచి తెస్తామని లోపలికి వెళ్లారు. వ్యాపారి కూడా వెంట వెళ్లాడు. ట్యాంకు తాళం కూడా ఆ గుత్తిలోనే ఉంది.

"సేటూ, ఆ చిన్న తాళం ఒక్కటి..." అన్నాను. ఆయన అప్పటికే గడప దాటాడు.

లోపల జనం బాగా ఉన్నారు. వాళ్లు ఎంతకీ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. వాసన ముందు సన్నగా తగిలింది, నా భయమే వాసన వేస్తోందేమో అనుకున్నాను. వంగి చూశాను. కార్బురేటర్ పక్క నుంచి ఒక చుక్క ఊరి, వేలాడి, కింద గొట్టం మీద పడింది. చుయ్‌మని ఆవిరై పోయింది. తడి కూడా మిగలలేదు. ఇంకో చుక్క. అదీ అంతే. అక్కడ పెట్రోలు కారుతోందని ఎవరికి చెప్పినా చూపించడానికి ఏమీ లేదు. ఇంజన్ గుంతలో మాత్రం కంటికి కనిపించని ఆవిరి నిండుతోంది.

వ్యాపారి పిన్నమ్మ ఒకావిడ ఊదుబత్తులు వెలిగించబోయింది.

"అమ్మా, వద్దమ్మా, ఇప్పుడొద్దు. పెట్రోలు వాసన వస్తాండాది."

"పెట్రోలు బండికి పెట్రోలు వాసన రాక మల్లెపూల వాసన వస్తాదా?" పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "నీ పేరేందప్పా?" అంది.

చెప్పాను. మా ఇళ్లల్లో పెట్టే పేర్లు వింటే ఏ ప్రార్థనకు పోతామో వేరే చెప్పాల్సిన పని లేదు. ఆమె ఇంకేమీ అడగలేదు. "అట్లనా" అని మాత్రం అంది. ఊదుబత్తులు చేతిలోనే పెట్టుకుంది.

మూత పగలగొడదామా? ఇనుము మీద ఇనుము కొడితే నిప్పురవ్వ లేస్తుంది. ముందు ఇంజన్ పక్కన పైపుకు కొట్టిన బిరడా లాగేద్దామా? అంత ఒత్తిడితో పెట్రోలు కాగిన గొట్టం మీదే చిమ్ముతుంది. బండిని వెనక్కి తోద్దామని లోపలికి వంగి హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేశాను. వ్యాపారి బావమరిది నా భుజం పట్టుకున్నాడు.

"ఏమప్పా, పూజ కాకుండా బండి కదిలిస్తావా? నిమ్మకాయలు కనపడల్యా?"

"అన్నా, మంట లేస్తాదన్నా."

"నోరు మూసుకో. గుడి ముందర ఏం మాటలవి?"

చేయి తీసేశాను. వాళ్లందరూ ఒక కుటుంబం, నేను పనికి వచ్చినవాణ్ని. చిన్న పిల్లలు హెడ్‌లైట్ల దగ్గర ఆడుకుంటున్నారు. వాళ్లను దూరంగా పిలవడానికి నా జేబులో ఒక్క చాక్లెట్ కూడా లేదే అని ఏడుపొచ్చింది. భయంలో మనసుకు ఇలాంటివే తోస్తాయి.

అప్పుడు గంట మోగింది. అర్చకులు బయటికి వచ్చారు, వెనకే వ్యాపారి. అర్చకుల ఒక చేతిలో తాళాలున్న పళ్లెం, ఇంకో చేతిలో హారతి. కర్పూరం నిలువునా మండుతోంది. ఆయన నేరుగా ఎత్తి ఉన్న బానెట్ వైపు నడిచారు. అందరూ చేతులు జోడించారు.

నేను ఆలోచించి చేశానని చెబితే అబద్ధం. కాళ్లు పరిగెత్తాయి. "ఆపండి సామీ!" అన్నాను. ఆయన ఆగకముందే నా అరచేతితో కర్పూరాన్ని మూసేశాను. చర్మం కాలింది. తీయలేదు. మంట పోయిందని తెలిసేదాకా అలాగే నొక్కి పట్టాను.

గుడి ముందు అందరూ ఒకేసారి అరిచారు. హారతి ఆర్పినాడు. ఎవడు వాడు. పేరు అడగండి. బావమరిది నా చొక్కా పట్టుకున్నాడు. గుడిలో ఉన్నవాళ్లు, కొబ్బరికాయల అంగళ్లవాళ్లు చుట్టూ చేరారు. వ్యాపారి ముఖం నల్లబడి పోయింది. "నేను నమ్మి తీసుకొస్తే..." అన్నాడు, అంతే. ఆ క్షణాన నాకు రెండు భయాలు. ఒకటి నా ముందున్న జనం. రెండోది నా వెనక చుక్కలు చుక్కలుగా కారుతున్నది. జనంలో ఎవడైనా ఒక బీడీ వెలిగిస్తే చాలు.

"తాళం ఇప్పించండి. తర్వాత మీరు ఏమన్నా చేయండి" అన్నాను.

జీపు నీడలో కూర్చున్న వ్యాపారి తల్లి లేచి వచ్చింది. చిన్న మనిషి, పళ్లు లేవు, నడక మాత్రం గట్టిది. నా చెయ్యి పట్టుకొని తిప్పి చూసింది.

"ఇడుసురా వాన్ని" అంది బావమరిదితో. "చెయ్యి కాలుతాన్నా తియ్యల్యా వీడు. ఊరికే ఎవడన్నా కాల్చుకుంటాడా?" పళ్లెంలోంచి తాళాల గుత్తి తనే తీసి నాకిచ్చింది. "చూపించు నాయనా, ఏముండాదో."

అందరినీ వెనక్కి పొమ్మన్నాను. ఆమె చెప్పాకే పోయారు. మూతలో తాళం పెట్టి తిప్పాను. మూత నా చేతిలోంచి ఎగిరింది. దాని వెంటే పెట్రోలు మూరెడు ఎత్తున లేచి నా చొక్కా అంతా తడిపింది. వాసన గుడి మెట్ల దాకా కొట్టింది. చుట్టూ నిలబడ్డ వాళ్లు పిల్లల్ని ఎత్తుకొని పరిగెత్తారు. పిన్నమ్మ ఊదుబత్తులు కింద పడేసి కాలితో తొక్కింది, అవి వెలిగించనే లేదని మరిచిపోయి.

బండిని దూరంగా, నీడలోకి తోశాం. తోసినవాళ్లలో బావమరిదే ముందు. నిమ్మకాయల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇంజన్ చల్లారేదాకా నేను అరుగు మీద కూర్చున్నాను. అర్చకులు చందనం తెచ్చి నా అరచేతికి రాశారు. వంగి రాస్తూ, నాకు మాత్రమే వినిపించేలా అన్నారు: "వాసన నాకు గడప దాటగానే తగిలింది నాయనా. పెద్దవాళ్ల బండి. హారతి మధ్యలో ఆపితే అపశకునం చేశాడంటారు. ఎవరైనా ఆపితే బాగుండునని అనుకుంటూనే నడిచాను."

ఆయనకున్న భయమే నాకూ ఉంది. పరిగెత్తిన కాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియలేదు.

తర్వాత చేసిన పని చిన్నది. ట్యాంకు నుంచి కొంత పెట్రోలు తీసి జీపులో పోశాం, పాత జీపు, అదీ పెట్రోలుదే. ముక్కు మూసిన బిరడా లాగేశాను. ఆ పైపును ఎగ్జాస్టుకు దూరంగా, అవతలి పక్క నుంచి చాసిస్ కిందికి దింపి, నోరు నేల వైపు తిప్పి కట్టాను. దుమ్ము పడకుండా ఒక పలచటి గుడ్డ చుట్టాను. షెడ్డుకు వెళ్లి ఉస్తాద్‌కు అంతా చెప్పాను. ఆ తర్వాత ఏ కొత్త బండి వచ్చినా బిరడా పెట్టే ముందు, "ఇది ఊపిరి తీసేదా, చూసి చెప్పు" అని నన్ను పిలిచేవాడు. మేం ఆ కారు నుంచి తీసేసిన సామాను పనికిమాలినదే, కాని దానికి అంటుకొని ఒక పనికొచ్చేది ఉండింది. విప్పేటప్పుడు ఒక వస్తువు ఏం చేస్తోందని అడిగితే చాలదు పిల్లలూ, అది పోయాక ఆ పని ఎవరు చేస్తారని కూడా అడగాలి.

ఎండ తగ్గాక అర్చకులు గుడి గడప దగ్గరే నిలబడి, దూరం నుంచే బండికి హారతి చూపించారు. వ్యాపారి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను రెండో వైపు ఎక్కబోతుంటే వాళ్లమ్మ ఆపింది.

"నువ్వు జీపులో రా నాయనా. మొక్కు నాది. నా కొడుకు పక్కన నేను కూర్చుంటా." తలుపు మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగింది. "ఎక్కొచ్చునా?"

అందరూ నా నోటి వైపు చూశారు. మధ్యాహ్నం నా మాట విననివాళ్లంతా ఇప్పుడు దానికోసం ఆగి ఉన్నారు. హారతి మీద చెయ్యి పెట్టినప్పుడు లేని భయం అప్పుడు పట్టుకుంది. పైపు మళ్లీ చూశాను. గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. కార్బురేటర్ల కింద వేలితో రుద్ది, వేలు వాసన చూశాను. పొడిగానే ఉంది. ఇక చూడడానికి ఏమీ మిగల్లేదు. అయినా మళ్లీ ఒకసారి వంగి చూశాను.

"చెప్పప్పా, పొద్దు పోతాండాది" అంది ఆమె.

"ఎక్కండమ్మా."

కోయిలకుంట్ల దాకా నేను జీపులో ముందుకు వంగి, ఆ ఆకుపచ్చ కారు వెనక భాగం మీద నుంచి కన్ను తీయలేదు. గాలికి ఆమె కొంగు బయటికి ఎగిరినప్పుడల్లా అది మంటేమోనని గుండె ఆగేది. ఎర్రటి పొద్దు వెలుగు దాని రేకు మీద పడినప్పుడు ఒకసారి గట్టిగా అరిచాను కూడా. జీపు డ్రైవర్, "ఏమప్పా, నిద్రలో కలవరిస్తాండావా?" అన్నాడు.

వాళ్లింటి ముందు కారు ఆగింది. ఆమె మెల్లగా దిగింది. తెల్లటి జుట్టంతా దుమ్ము పట్టి ఎర్రగా అయింది. కొంగుతో ముఖం తుడుచుకొని, నన్ను చూసి నవ్వింది.

"శానా బాగుండాది. రేపు కూడా పోదాం."

నేను జీపు దిగబోయి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.